మంగళవారమునాటి పాఠము

స్వాతంత్ర్యము వచ్చిన తరువాత తొలి ఇరువది సంవత్సరములలో మన దేశము మూడు మహాశోకముల ననుభవించినది. 1948 జనవరి 30వ తేదీ శుక్రవారము నాడు గాంధీ మహాత్ముడు ఢిల్లీలో ప్రార్థనా సభకు నడచి వచ్చుచు హంతకుని గుండ్లకు నేలకొరిగెను. అప్పటికి సాయంకాలము అయిదు గంటలు దాటినది. బడులు మూసివేసి పిల్లలు ఇండ్లకు చేరిన వేళ అది. 1964 మే 27వ తేదీ మధ్యాహ్నము జవహర్‌లాల్ నెహ్రూ కన్నుమూసిరి. అవి వేసవి సెలవులు. పిల్లలు ఆ వార్తను మేనమామల ఇండ్లలోనో, మామిడితోపులలోనో, బావిగట్లమీదనో వినిరి. మూడవది 1966 జనవరి 11వ తేదీ మంగళవారము. ఆ వార్త మాత్రము బడిగంటతోబాటుగా వచ్చినది.

పెద్దచావును గూర్చి పసివారు ఇంట వినుట వేరు, బడిలో వినుట వేరు. ఇంటిలో పెద్దలు గొంతు తగ్గించి మాటలాడుకొందురు. పిల్లలను అవతలికి పొమ్మందురు. సంగతి చాటుమాటుగా చెవిని బడును. బడిలో అట్లు కాదు. ఉపాధ్యాయుడు పిల్లల ముఖములను చూచుచు, నోరు తెరచి, మాటలలో చెప్పవలెను. చెప్పిన పిమ్మట వారడుగు ప్రశ్నలకు సమాధానమును చెప్పవలెను. లాల్ బహదూర్ శాస్త్రిగారి మరణవార్తను మేము అట్లు, ఆరవ తరగతిలో నుండగా, అగళిలో వింటిమి.

అగళి యెక్కడ నున్నదో శ్రోతలలో పెక్కుమందికి తెలియకపోవచ్చును. పటములో అనంతపురము జిల్లా పడమటి అంచున, మడకశిర దాటిన తరువాత, కన్నడదేశము లోనికి చొచ్చుకొని పోయిన కొస యొకటి కనబడును. ఆ కొసయందలి గ్రామము మాది. 1966లో అది మడకశిర తాలూకాలో నుండెను; 2022లో జిల్లాల విభజన జరిగినది మొదలు శ్రీ సత్యసాయి జిల్లాలో నున్నది. మాకు అనంతపురముకన్న సిరా దగ్గర. పెండ్లి సంబంధములు అటు, కోర్టు వ్యవహారములు ఇటు. సంతలో ధర తెలుగులో అడిగినచో బదులు కన్నడములో వచ్చుట మాకు వింతగా తోచెడిది కాదు. నీరున్న చోట పోకతోటలు, కొబ్బరితోటలు. నీరు లేనిచోట రాగి, ఉలవ, వేరుసెనగ. నీరు లేని చోటే హెచ్చు. ఏటికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కురియు జిల్లా అది. ఆ సగటు సయితము కాగితము మీదనే గాని చేనిమీద అన్ని యేండ్లు కనబడదు.

1965వ సంవత్సరమున వానలు దేశమంతటను మొగము చాటు చేసెను. 1964-65లో 8 కోట్ల 90 లక్షల టన్నులుగా నున్న దేశపు ఆహారధాన్యముల పంట, మరుసటి యేట 7 కోట్ల 20 లక్షల టన్నులకు పడిపోయినది. అదే యేడు ఆగస్టులో పాకిస్తానుతో యుద్ధము మొదలై సెప్టెంబరు 23న ఆగినది. ఓడలలో వచ్చు అమెరికా గోధుమల కొరకు ఎదురుచూచుట అవమానకరమని తలంచిన శాస్త్రిగారు, వారమున కొకపూట భోజనము మానుకొనుడని ప్రజలను కోరిరి. ముందు తమ ఇంటిలో ఆచరించి చూచి, పిల్లలు ఒకపూట ఆకలికి తాళగలరని నిశ్చయించుకొన్న తరువాతనే ఆ మాటను పైకి చెప్పిరందురు. సోమవారము రాత్రి పట్టణములలో హోటళ్లు మూతబడెను. జనులు దానికి శాస్త్రివ్రతమని పేరు పెట్టిరి.

మా ప్రధానోపాధ్యాయులుగారు ఆ వ్రతమును మాకు లెక్కగా చెప్పిరి. ఆయన ఏ సంగతినైనను లెక్కగా మార్చిన గాని తృప్తి పొందెడివారు కారు. నల్లబల్లమీద 48 కోట్లు అని వ్రాసిరి. ఒక్కొక్కరు సోమవారము రాత్రి 100 గ్రాముల ధాన్యము మిగిల్చినచో వారమునకు 48,000 టన్నులు. ఏడాదికి దాదాపు 25 లక్షల టన్నులు. ఇన్ని సున్నలను ఒకచోట చూచుట మాకదే మొదలు. మేము నోరు తెరచుకొని చూచుచుంటిమి.

అప్పుడు చివరి వరుసనుండి యొక బాలుడు లేచెను. పొలము లేని ఇంటివాడు. తల్లి పోకతోటలలో కూలికి పోయెడిది. వాని పేరు ఇచట చెప్పబోము. “అయ్యవారూ, సోమవారమే కాదు, మా ఇంట్లో నిన్న కూడా పొయ్యి వెలగలేదు. మమ్మల్ని లెక్కలో ఎట్లేసుకుంటారు?” అని అడిగెను. వెటకారము కాదు. లెక్క సరిగా నుండవలెననియే వాని యారాటము. తినని పూటనుండి మిగుల్చుట ఎట్లో వానికి బోధపడలేదు.

ప్రధానోపాధ్యాయులుగారు నల్లబల్లవైపు తిరిగి 48 కోట్లు అన్న అంకెను తుడిచిరి. దానికి బదులు ఎంత వ్రాయవలెనో తెలియక సుద్దముక్క చేతబట్టుకొని కొంతసేపు నిలిచిరి. పిమ్మట గంట మ్రోగినది. ఆ లెక్క అట్లే నిలిచిపోయినది. అయినను, ఆ తరువాత కూడ మా తరగతిలో పెక్కుమంది సోమవారపు వ్రతమును విడువలేదు. పెద్దలు చెప్పినందున కొందరు, తోడివారు చేయుచున్నందున కొందరు, ఇంట ఎట్లును లేనందున కొందరు. ముగ్గురి ఆకలియు ఒకటే గాని ముగ్గురి వ్రతమును ఒకటి కాదు. ఇది మాకు అప్పుడే కొంత తెలిసినది.

1966 జనవరి 10 సోమవారము. ఆనాడు తాష్కెంటులో శాస్త్రిగారును, పాకిస్తాను అధ్యక్షుడు అయూబ్ ఖానును ఒప్పందముపై చేవ్రాలు చేసిరి. మధ్యవర్తి సోవియట్ ప్రధానమంత్రి కొసీగిన్. ఉభయ సైన్యములును ఫిబ్రవరి 25లోగా, 1965 ఆగస్టు 5 నాటికి తాము నిలిచియున్న చోట్లకు మరలిపోవలెనని అందలి ముఖ్యాంశము. సంక్రాంతికి నాలుగు దినములే యున్నది. ఆ రాత్రి మా ఇంట పొయ్యి వెలుగలేదు. మా అవ్వకు మాత్రము కొంచెము మజ్జిగ యిచ్చి, తక్కినవారము నీరు త్రాగి పరుంటిమి. అర్ధరాత్రి దాటిన పిమ్మట తాష్కెంటులో ఆయన గుండె ఆగిపోయినది. తెల్లవారక మునుపే ఢిల్లీలో రాష్ట్రపతి రాధాకృష్ణపండితుడు గుల్జారీలాల్ నందాచే ప్రధానిగా ప్రమాణము చేయించెను. ఆకలితో పరున్న దేశము ఆకలితోనే లేచి ఈ వార్తను వినెను.

మా వీధిలో రేడియో గల ఇల్లు ఒక్కటే. కిరాణా వర్తకునిది. ఇటుకరాయంత బ్యాటరీతో నడచు పెట్టె. తపాలా కచేరీలో లైసెన్సు డబ్బు కట్టి, ఆ పుస్తకమును దేవుని పటము వెనుక భద్రపరచెడివాడు. ఉదయము మంగళవాద్యము వినవచ్చిన తరువాతనే కొట్టు తెరచుట ఆయన అలవాటు. ఆనాడు నాగస్వరము రాలేదు. మీట త్రిప్పి చూచెను. బ్యాటరీ అయిపోయినదేమో యని తట్టి చూచెను. పెట్టెలోనుండి సన్నగా వీణ మాత్రము వినవచ్చుచుండెను. రేడియోతో కాపురము చేసినవారికి ఆ నడివేళ వీణ యేమి చెప్పునో తెలియును. వార్తలు వచ్చుటకు ముందే ఎవరో పెద్దవారు పోయిరని ఆయన గ్రహించెను. విన్న తరువాత కొట్టు తెరువక తిన్నగా బడికి నడచి వచ్చెను.

మేము ప్రార్థనకు వరుసలు కట్టి నిలిచియుంటిమి. ఒంటిపూట పస్తు కడుపులు. కొందరు మాత్రము చద్దిసంగటి తిని వచ్చిరి. వర్తకుడు ప్రధానోపాధ్యాయులుగారి చెవిలో ఏదో చెప్పెను. ఆయన కండ్లద్దములు తీసి పంచె చెరగుతో తుడుచుకొనిరి, మరల పెట్టుకొనలేదు. మా బడిలో తెలుగు తరగతులును కన్నడ తరగతులును ఉండెను. ప్రతి ప్రకటనను రెండుమార్లు చెప్పుట ఆచారము. “మన ప్రధానమంత్రిగారు తీరిపోయినారు” అని తెలుగులో చెప్పిరి. కన్నడములో చెప్పుటకు అటువైపు తిరిగిరి గాని, అవసరము లేకపోయినది. వారి భాషలోను ఆ మాట “తీరికొండరు” అనియే. అటువైపు వరుసలు అప్పటికే తల వంచియుండెను.

పిల్లల తొలి ప్రశ్న శోకమునకు సంబంధించినది కాదు. “తాష్కెంటు ఎక్కడుంది అయ్యవారూ?” అని యెవరో అడిగిరి. పరదేశములో మరణించుట యనగా మాకు ఊహకు అందలేదు. మా యెరుకలో దూరదేశమనిన బెంగుళూరు. ప్రధానోపాధ్యాయులుగారు తరగతిలోని ఆసియా పటమును తెప్పించి వేపచెట్టు కొమ్మకు తగిలించిరి. కాశ్మీరమునుండి వ్రేలు పైకి జరిపి, పర్వతములను దాటించి, సోవియట్ ఉజ్బెకిస్తానములో చుక్కను చూపిరి. “బాబరు పుట్టిన ఫర్గానా ఈ ప్రక్కనే” అనిరి. ఆ మాటతో మాకు కొంత దారి దొరకినది. బాబరు అటునుండి ఇటు వచ్చెను. శాస్త్రిగారు ఇటునుండి అటు పోయెను. ఒకరు దండెత్తి వచ్చిరి, ఒకరు సంధికై పోయిరి. చరిత్రపాఠమును భూగోళపాఠమును ఆ చెట్టుక్రింద మాకు ఒక్కటిగా కలిసిపోయినవి.

పిమ్మట ఆయన శాస్త్రిగారి కథ చెప్పిరి. కాశీవైపు మొగల్‌సరాయిలో 1904 అక్టోబరు 2న పుట్టుట, పసితనముననే తండ్రిని కోల్పోవుట, కాశీ విద్యాపీఠములో శాస్త్రి పట్టమందుట, చెరసాలలు, ఇవన్నియు త్వరత్వరగా చెప్పిరి. నిలిచి చెప్పినది ఒక్కటే. 1956 సెప్టెంబరు 2 రాత్రి, ఆనాటి హైదరాబాదు రాష్ట్రములోని మహబూబునగరము దగ్గర, వరదకు వంతెన కూలి రైలు పడిపోయినది. నూరుమందికి పైగా మరణించిరి. రైల్వే మంత్రిగా నున్న శాస్త్రిగారు వెంటనే రాజీనామా పంపిరి. నెహ్రూగారు అంగీకరింపలేదు. మూడు నెలలు నిండకుండగనే నవంబరులో అరియలూరు దగ్గర మరియొక రైలు వరదలో పడినది. ఆసారి ఆయన పట్టు విడువలేదు, రాజీనామా అంగీకరింపబడినది.

“రైలు ఆయన నడిపినాడా అయ్యవారూ?” “లేదు.” “వంతెన ఆయన కట్టించినాడా?” “లేదు.” “మరి ఎందుకు పోయినాడు?” దీనికి ప్రధానోపాధ్యాయులుగారు చెప్పిన సమాధానము మాకు అక్షరాలా జ్ఞాపకమున్నది: “ఆ పెట్టెలో ఉండినవాళ్లు ఆయన మాట నమ్మి ఎక్కినారు గనుక.” హిందూపురములో రైలెక్కినవాడు మా తరగతిలో ఒక్కడే. ఆ సాయంకాలము మేమందరము వానిని చుట్టుకొని, రైలు పెట్టె యెట్లుండునో, వంతెనమీద చప్పుడెట్లు మారునో అడిగి తెలిసికొంటిమి. ఆ తరువాత మంత్రులెందరో మారిరి, రైళ్లెన్నియో పడినవి. రాజీనామాలను మాత్రము వ్రేళ్లమీద లెక్కింపవచ్చును. ఆ విషయమును పెంచదలచుకొనలేదు.

సెలవు ప్రకటించుటకు ముందు, లెక్క అడిగిన ఆ బాలుడే మరల లేచి నిలిచెను. “అయ్యవారూ, నిన్న సోమవారం గదా. ఆయప్ప కూడా రాత్రి ఏమీ తినలేదా?”

ఈ ప్రశ్న మాలో నెవ్వరికిని తోచలేదు. అప్పటివరకు మేము ప్రధానమంత్రి యని, ఢిల్లీ యని, తాష్కెంటు యని వినుచుంటిమి. ఒక్కమారుగా, పెద్దదేశములో చలిలో ఒంటరిగా ఉత్తకడుపుతో పరున్న పొట్టిమనిషి మా కండ్లకు గట్టెను. ప్రధానోపాధ్యాయులుగారు “తెలియదు నాయనా” అనిరి. అంతవరకు నిబ్బరముగా నిలిచిన ఆయన అప్పుడు ఏడ్చిరి. లాంగ్ బెల్లు కొట్టిరి. ఏనాడైనను ఆ గంటకు కేకలు వేయుచు పరుగెత్తెడి మేము ఆనాడు పలకలు సంచులు పట్టుకొని నడచిపోతిమి.

రెండు దినముల తరువాత సిరా బస్సులో వచ్చిన పత్రికలో ఒక చిత్రము పడినది. తాష్కెంటు విమానాశ్రయములో శవపేటికను మోయుచున్నవారిలో ఒకవైపు కొసీగిన్, ఒకవైపు అయూబ్ ఖాన్. ఆ చిత్రము మా ఊరిలో పెద్ద చర్చకు కారణమైనది. మనలో పాడె మోయుట సామాన్యమైన పనికాదు. దాయాదులో, వియ్యంకులో, ప్రాణస్నేహితులో భుజమిత్తురు. పగవాడు భుజమిచ్చుట యెన్నడును వినలేదు. మూడునాలుగు నెలలకు మునుపు మన సైనికులపై ఫిరంగులు పేల్పించినవాడు ఈ చావుకు భుజమెట్లిచ్చెను? రచ్చకట్టపై నొక వృద్ధుడు “భుజమిచ్చినాక పగ ఎక్కడిది?” అనెను. సైన్యమునుండి సెలవుపై వచ్చిన యువకుడు మాత్రము ఒప్పుకొనలేదు. హాజీపీర్ కనుమను పట్టుటకు ఎందరు ప్రాణములు విడిచిరో, సంధివలన అది తిరిగి ఇచ్చివేయవలసి వచ్చినదే అని అతని బాధ. అతని మాట న్యాయమైనదే. వృద్ధుని మాటయు న్యాయమైనదే. 1971లో మరల యుద్ధము వచ్చినప్పుడు ఆ రచ్చకట్టపై ఈ చర్చయే తిరిగి లేచినది.

మరణము సహజమైనది కాదను అనుమానములును ఆ దినములలోనే పుట్టినవి. గుండెపోటు అని వైద్యులు చెప్పిరి. అంతకుముందు కూడ ఆయనకు గుండెజబ్బు వచ్చియుండెను. శవపరీక్ష జరుగకపోవుటచే సంశయము ఇప్పటికిని కొందరిలో మిగిలియున్నది. దానిని తేల్చుట మావంటివారి పని కాదు.

జనవరి 12న ఢిల్లీలో యమునాతీరమున అంత్యక్రియలు జరిగినవి. ఆ స్థలమే విజయఘాట్. సంక్రాంతికి మా ఊరిలో ఎద్దులకు పసుపు పూసిరి గాని మేళము పెట్టలేదు. జనవరి 24న బడికి పోవుసరికి మరల ప్రకటన. ఆనాడు ఇందిరాగాంధీ ప్రధానిగా ప్రమాణము చేసిరి. ఆనాడే ఆల్ప్స్ పర్వతములలో విమానము కూలి అణుశాస్త్రవేత్త హోమీ భాభా మరణించిరి. ప్రధానోపాధ్యాయులుగారు మరల పటము తెప్పించిరి. ఒక్క నెలలో మేము నేర్చిన భూగోళమంతయు శ్మశానములదే.

వారము గడచి మరల సోమవారము వచ్చినప్పుడు ఇంటింటను ఒక సందేహము. కోరినవాడు పోయినాడు గదా, వ్రతము ఉన్నదా లేదా? మా తల్లిని అడిగితిమి. “చెప్పినాయన పోతే మాట పోతుందా, పడుకో” అని నీటిచెంబు అందించెను. ఎన్ని వారములు అట్లు సాగినదో జ్ఞాపకము లేదు. 1966లో విదేశములనుండి కోటి టన్నులకు మించిన ధాన్యము దిగుమతి చేసికొనవలసి వచ్చినది. అదే సంవత్సరము మెక్సికోనుండి 18,000 టన్నుల గోధుమ విత్తనములను తెప్పించిరి. ఆ సాహసమునకు శాస్త్రిగారి కాలముననే, ఆహారమంత్రి సుబ్రహ్మణ్యముగారి పట్టుదలచే, దారి వేయబడినది. పంటలు పెరుగుటకు ఆ విత్తనములే కారణమైనవి గాని మా సోమవారములు కావు. పంటలోటు 1 కోటి 70 లక్షల టన్నులు. మా ప్రధానోపాధ్యాయులుగారి లెక్క పూర్తిగా ఫలించినను అందులో ఆరవ వంతు కూడ నిండియుండదు. ఆయన తుడిచివేసిన అంకెను తీసివేసినచో ఇంకను తక్కువ.

ఆ బాలుని ప్రశ్నకు సమాధానము మాకు చాలకాలమునకు గాని దొరకలేదు. శాస్త్రిగారి కడపటి రాత్రిని గూర్చి ప్రచురింపబడిన వృత్తాంతములలో, ఆయన బసకు తిరిగివచ్చి స్వల్పముగా భోజనము చేసిరని కలదు. భారత రాయబారి ఇంటి వంటవాడు వండిన ఆకుకూర, బంగాళాదుంపలు. పిమ్మట ఇంటివారితో ఫోనులో మాటలాడిరట.

ఇది చదివిన కొంతకాలమునకు మేము అగళికి పోవుట తటస్థించినది. మా పాత సహాధ్యాయి ఇప్పుడు ఎకరన్నర పోకతోట గలవాడు, మనుమలు గలవాడు. తోటలో చెట్టునీడన మంచముపై కూర్చుండి, మాకు ఎండుపోకలు చీల్చి యిచ్చుచుండెను. 1966లో బడిలో అతడడిగిన మాట జ్ఞాపకమున్నదా యని అడిగితిమి. లెక్క విషయము మరచిపోయినాడు. రెండవ ప్రశ్న మరువలేదు. మేము చదివిన సంగతి చెప్పితిమి. అతడు చేతిలోని కత్తిని ఆపి, “తిన్యాడంటనా?” అని మరియొకమారు అడిగెను. తిన్నాడంటిమి. ఏమి తిన్నాడో కూడ చెప్పుమనెను, చెప్పితిమి.

“మంచిదే లేప్పా. ఉత్తకడుపుతో పోలేదు గదా” అని మరల పోకలు చీల్చసాగెను.